నాపా నుంచి తిరిగొచ్చేటప్పుడు బండి నడిపేది ఎవరు?

లాంగ్ వీకెండ్ దగ్గర పడితే బే ఏరియా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే పేర్లు కొన్నే. లేక్ తాహో, యోసెమిటీ, నాపా. తాహోకో యోసెమిటీకో అయితే మనవాళ్ల ప్లానింగ్ చూడముచ్చటగా ఉంటుంది. ఎవరు ఏ కారులో ఎక్కాలి, పులిహోర ఎవరు కలపాలి, రైస్ కుక్కర్ ఎవరు తేవాలి, మంచు పడితే టైర్లకు వేసే గొలుసులు ఎవరి దగ్గర ఉన్నాయి... అన్నీ ముందే రాసుకుంటారు. నాపాకు వెళ్లేటప్పుడూ వైనరీల పేర్లు, అపాయింట్‌మెంట్ టైములు, ఆఖరికి ఫొటోల కోసం ఏ రంగు బట్టలు వేసుకోవాలో కూడా ఖరారవుతుంది. ఒక్క విషయం మాత్రం ఎవరూ రాయరు. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు బండి నడిపేది ఎవరు? అడిగితే ‘అక్కడ చూసుకుందాంలే’ అంటారు.

ఆ ‘చూసుకుందాంలే’ గురించే ఈ నాలుగు మాటలు.

నాపాకు వెళ్లొద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు. నిజానికి తప్పకుండా చూడాల్సిన చోటు అది. దాదాపు 30 మైళ్ల పొడవు, ఎక్కువలో ఎక్కువ ఐదు మైళ్ల వెడల్పు ఉండే చిన్న లోయ. రెండు పక్కలా కొండలు, మధ్యలో బారులు తీరిన ద్రాక్ష తోటలు. 1861లో చార్లెస్ క్రుగ్ అక్కడ మొదటి వాణిజ్య వైనరీ పెట్టాడు. 1920 నుంచి 1933 దాకా అమెరికా అంతటా అమలైన మద్యనిషేధంలో ఆ పరిశ్రమ దాదాపు చితికిపోయింది. మళ్లీ లేచి నిలబడి, 1976లో పారిస్‌లో ఫ్రెంచ్ నిపుణులే న్యాయనిర్ణేతలుగా జరిగిన రుచి పోటీలో ఎరుపు, తెలుపు రెండు విభాగాల్లోనూ ఫ్రెంచ్ వైన్లను వెనక్కు నెట్టింది.

వ్యవసాయ కుటుంబాల నుంచి వచ్చిన మనకు అంతకంటే ఆసక్తి కలిగించే సంగతి ఇంకొకటి ఉంది. 1968లో నాపా కౌంటీ ఆ లోయను వ్యవసాయ రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. సాగు భూమిని చిన్న చిన్న ముక్కలుగా కోసి ఇళ్ల స్థలాలుగా అమ్మడానికి వీల్లేకుండా చేసింది. 1990లో అక్కడి ఓటర్లు మరో అడుగు ముందుకేసి, ఆ భూముల వాడకం మార్చాలంటే ప్రజల ఓటు ఉండాలన్న నిబంధన తెచ్చుకున్నారు. గంట ప్రయాణ దూరంలో శాన్ ఫ్రాన్సిస్కో లాంటి నగరం ఉన్నా ఆ లోయ ఇంకా పొలంగానే మిగిలిందంటే కారణం అదే. సొంతూళ్లో మూడు పంటలు పండే చేలు వెంచర్లుగా మారిపోవడం చూసినవాళ్లు ఆ తోటల పక్కన ఒక్క నిమిషం ఆగి ఆలోచించాలి. ఇందుకోసం చుక్క వైన్ కూడా ముట్టుకోనక్కర్లేదు.

కాబట్టి వెళ్లాల్సిందే. అయితే, ఎలా తిరిగి రావాలో తెలుసుకుని వెళ్లాలి.

రుచి చూడటమే కదా!

‘తాగడానికి కాదు, టేస్టింగ్‌కు వెళ్తున్నాం’ అన్న మాటలోనే చిక్కు ఉంది. ఆ మాట విని మనకు మనమే ధైర్యం చెప్పుకుంటాం. ఒక్కసారి లెక్క వేసి చూద్దాం. మామూలు టేస్టింగ్‌లో నాలుగైదు రకాలు పోస్తారు. ఒక్కో రకం 30 నుంచి 60 మిల్లీలీటర్లు. సగటున 45 అనుకుంటే, ఐదు రకాలకు 225 మిల్లీలీటర్లు. మనవాళ్ల ప్లాన్‌లో రోజుకు మూడు వైనరీలు ఉంటాయి. అంటే 675 మిల్లీలీటర్లు. వైన్ బాటిల్ నిండా ఉండేది 750. చుక్క చుక్కగా రుచి చూస్తూనే ఒక్కొక్కరూ సీసాకు కాస్త తక్కువ తాగేస్తున్నారన్నమాట.

అమెరికాలో ఒక డ్రింక్ అంటే సుమారు 14 గ్రాముల ఆల్కహాల్. 12 శాతం వైన్ అయితే ఒక గ్లాసు, అంటే సుమారు 150 మిల్లీలీటర్లు. నాపాకు పేరు తెచ్చిన కాబర్నే సావిన్యాన్‌లో చాలావాటికి 14, 15 శాతం ఉంటుంది. ఆ లెక్కన మూడు వైనరీలు పూర్తయ్యేసరికి ఐదు డ్రింకులు దాటుతాయి. మన శరీరం గంటకు ఇంచుమించు ఒక్క డ్రింకును మాత్రమే బయటకు పంపగలదు. మధ్యాహ్నం భోజనంలో తీసుకున్న గ్లాసు, మాటల్లో పడి హోస్ట్ ప్రేమగా పోసిన అదనపు చుక్క ఈ లెక్కలో లేవు. చివరి వైనరీ నుంచి బయటకు వచ్చి నేరుగా స్టీరింగ్ పట్టుకుంటే, ఆఖరున తాగింది అప్పటికింకా రక్తంలోకి ఎక్కుతూనే ఉంటుంది.

ఇక మన ఇంటి వైద్యాలు. పెరుగన్నం తింటే దిగిపోతుందని ఒకరు, నిమ్మరసం తాగితే చాలని ఇంకొకరు, స్ట్రాంగ్ కాఫీ పడితే నిషా వదిలిపోతుందని మరొకరు అంటారు. కాఫీ నిద్రమత్తు పోగొడుతుందే గానీ రక్తంలోని ఆల్కహాల్‌ను తగ్గించదు. తాగకముందు కడుపు నిండా తింటే ఎక్కడం నెమ్మదిస్తుంది. తాగాక తిన్న తిండి చేసేదేమీ లేదు. దాన్ని తగ్గించగలిగేది సమయం ఒక్కటే.

చట్టం ఏమంటుంది?

కాలిఫోర్నియాలో 21 ఏళ్లు దాటినవాళ్లకు రక్తంలో ఆల్కహాల్ పరిమితి 0.08 శాతం. ‘అంతవరకు పర్వాలేదుగా’ అని చాలామంది అనుకుంటారు. అది సగం నిజమే. 0.08 కంటే తక్కువ ఉన్నా, మద్యం ప్రభావంతో సరిగ్గా నడపలేకపోతున్నట్టు తేలితే అదీ నేరమే. పైగా మన ఒంట్లో అది ఏ పాయింట్ దగ్గర ఉందో మనకు తెలియదు. 85 కిలోల మనిషికి సరిపోయిన లెక్క 55 కిలోల మనిషికి సరిపోదు. ఒకే బరువున్నా సాధారణంగా మగవాళ్లకంటే ఆడవాళ్లకు త్వరగా ఎక్కుతుంది. ‘నేను స్టడీగానే ఉన్నా’ అని చెప్పే మనిషికి తాను స్టడీగా ఉన్నాడో లేడో తేల్చుకునే శక్తే ముందు తగ్గిపోతుంది.

పట్టుబడితే అక్కడికక్కడే లైసెన్సు తీసేసుకుని తాత్కాలిక కాగితం ఒకటి చేతిలో పెడతారు. కోర్టు కేసు ఒక దారి, డీఎంవీ చర్య ఇంకో దారి. మొదటిసారి నేరం రుజువైనా జరిమానా, నెలల తరబడి క్లాసులు, మూడు నుంచి ఐదేళ్ల ప్రొబేషన్ ఉంటాయి. ఆరు నెలల దాకా జైలు పడే అవకాశమూ ఉంది. ఆ మరక పదేళ్లు వెంటాడుతుంది, ఈలోగా ఇంకోసారి దొరికితే శిక్ష పెరుగుతుంది. బండిలో 14 ఏళ్ల లోపు పిల్లలు ఉంటే శిక్ష ఇంకా కఠినం. మన కుటుంబాల ట్రిప్పుల్లో వెనక సీటులో పిల్లలు లేని బండి ఎక్కడుంది?

ఇంకో చిన్న విషయం. సగం తాగి మూత పెట్టిన బాటిల్‌ను ఇంటికి తెచ్చుకుంటే డిక్కీలోనే పెట్టాలి. సీటు పక్కన పెట్టుకుంటే, డ్రైవర్ చుక్క తాగకపోయినా ఇబ్బందే.

పాస్‌పోర్ట్ మీద పడే దెబ్బ

ఇక్కడిదాకా చెప్పింది అమెరికాలో అందరికీ వర్తించేదే. వీసా మీద ఉన్న మనవాళ్లకు అంతకుమించిన ప్రమాదం ఉంది. డ్రంకెన్ డ్రైవ్‌లో అరెస్టయిన విదేశీయుల వీసాలను రద్దు చేసేలా 2015 నవంబరులో అమెరికా విదేశాంగ శాఖ కాన్సులేట్లకు మార్గదర్శకాలు ఇచ్చింది. గత ఐదేళ్లలో జరిగిన అరెస్టు చాలు. కోర్టులో నేరం రుజువు కావాలని ఏమీ లేదు. హెచ్‌1బీ మీద పదేళ్లుగా పన్నులు కడుతున్న ఇంజనీర్‌కైనా, నిన్న మొన్న ఎఫ్‌1 మీద వచ్చిన విద్యార్థికైనా అదే నియమం.

దేశంలో ఉన్నంతవరకు ఆ రద్దు ఒక్కటే కారణంగా స్టేటస్ ఆగిపోకపోవచ్చు. అసలు బాధ ఇండియా వెళ్లాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది. మళ్లీ వీసా కోసం కాన్సులేట్‌కు వెళ్లాలి. డీఎస్‌-160 ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా అన్న ప్రశ్నకు అవునని రాయాలి. కాన్సులేట్ చెప్పిన డాక్టర్ దగ్గర పరీక్షలు చేయించుకోవాల్సి రావచ్చు. అవన్నీ తేలేదాకా ఇక్కడ ఉద్యోగం, అద్దె, పిల్లల బడి అన్నీ గాలిలో వేలాడతాయి. నాన్నకు ఒంట్లో బాగాలేదని ఫోన్ వచ్చినా, వెళ్తే తిరిగి రాగలనో లేదోనని టికెట్ కొనకుండా ఆగిపోవడం కంటే నరకం ఏముంటుంది?

గ్రీన్‌కార్డు దరఖాస్తులోనూ, పౌరసత్వం దరఖాస్తులోనూ అరెస్టుల గురించి అడుగుతారు. పౌరసత్వానికి చూసే కాలంలో డ్రంకెన్ డ్రైవ్ నేరాలు రెండు రుజువైతే, మంచి నడవడిక లేనట్టుగానే మొదట భావించాలని 2019లో అటార్నీ జనరల్ నిర్ణయం వెలువడింది. గ్రీన్‌కార్డు కోసం ఏళ్ల తరబడి క్యూలో నిలబడే మనవాళ్లు, ఆ క్యూలో సంపాదించుకున్న చోటును ఒక సాయంత్రం పందెం కాయడమేమిటి?

వీసా పోతే తిప్పలు పడైనా బతకొచ్చు. ప్రాణం పోతే? 2022లో అమెరికాలో తాగి నడిపిన బండ్ల వల్ల జరిగిన ప్రమాదాల్లో 13,524 మంది చనిపోయారు. అందులో తాగనివాళ్లూ ఉన్నారు, ఎదురుగా వచ్చే బండిలో ఉన్నవాళ్లూ ఉన్నారు. నాపాలో హైవే 29 చాలా దూరం రెండు వరసల రోడ్డే. తూర్పు పక్కన సాగే సిల్వరాడో ట్రెయిల్ కూడా అంతే. పొలాల మధ్య చీకటి పడితే వీధి దీపాలు కూడా పెద్దగా ఉండవు. సైకిళ్ల మీద వెళ్లేవాళ్లు ఉంటారు. తోటల్లో కూలి పని చేసి ఇంటికి వెళ్లేవాళ్లు ఉంటారు. మన సరదాకు వాళ్లు ఎందుకు మూల్యం చెల్లించాలి?

నువ్వెలాగూ తాగవుగా!

మన గ్రూపుల్లో డ్రైవర్‌ను ఎంచుకోవడం అంటూ ఉండదు. తాగనివాళ్లు ఎవరైతే వాళ్లు మిగిలిపోతారు. ‘నువ్వెలాగూ తాగవుగా మామా, కీస్ నీ దగ్గరే పెట్టుకో’ అని ఒక మాట అనేస్తే పని అయిపోయినట్టే. ఆ మామను ఎవరూ ముందు అడగరు. రోజంతా తిప్పి, అందరి జోకులూ భరించి, అందరినీ ఇళ్ల దగ్గర దింపి, అర్ధరాత్రి ఇంటికి చేరాక చూసుకుంటే స్ప్లిట్‌వైజ్‌లో టేస్టింగ్ ఫీజు అతని పేరు మీద కూడా సమానంగానే పడి ఉంటుంది. ఒక్కొక్కరికి 50 డాలర్లు దాటే చోట్లు నాపాలో చాలానే ఉన్నాయి. మూడు చోట్లంటే ఎంతో లెక్కేసుకోండి.

ఇంకో తరహా ఉంది. ‘వదిన నడుపుతుందిలే’ అనడం. వదిన ఆ మాట ఎప్పుడు అంది? ఆమెకు రాత్రిపూట ఫ్రీవే అంటే భయం ఉండొచ్చు. అద్దెకు తీసుకున్న ఎనిమిది సీట్ల బండిని ఆమె అంతకుముందు ఎప్పుడూ తోలి ఉండకపోవచ్చు. ఇంటి దగ్గర నుంచి స్కూలుకు, కాస్ట్‌కోకు మాత్రమే నడిపే మనిషి చేతిలో శాన్‌హోసే దాకా దాదాపు 80 మైళ్ల రాత్రి ప్రయాణం పెట్టడం ఎంతవరకు న్యాయం? లేదా ఆమెకూ ఒక గ్లాసు రుచి చూడాలని ఉండొచ్చు. ఉన్నా నోరు విప్పి చెప్పదు. ఎందుకంటే భర్త అప్పటికే రెండో గ్లాసులో ఉంటాడు. పొద్దున టిఫిన్లు కట్టి, మధ్యాహ్నం పిల్లల వెనక తిరిగి, రాత్రి బండి కూడా ఆమే నడిపితే, అది ఎవరి వెకేషన్ అనాలి?

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. తాగనివాళ్లను తాగించే ఉత్సాహం. ‘ఇంత దూరం వచ్చి ముట్టుకోకపోతే ఎలా బావా, ఒక్క సిప్’ అంటూ వెంటపడతారు. ఆ ఒక్క సిప్ నాలుగు సిప్పులయ్యాక, ఆ రోజుకు ఉన్న ఒక్క డ్రైవర్ కూడా లేకుండా పోతాడు. వద్దన్న మనిషికి మళ్లీ చెప్పకపోవడం మర్యాద. ఆ మనిషే డ్రైవర్ అయితే అది మన ప్రాణరక్షణ కూడా.

దాచిపెట్టడం వల్లే

ఇంత తెలివైనవాళ్లం, ఉద్యోగంలో ప్రతి రిస్కుకూ ప్లాన్ బి రాసేవాళ్లం, ఈ ఒక్క విషయం ఎందుకు వదిలేస్తున్నాం? తాగుడు గురించి మన ఇళ్లలో మామూలుగా మాట్లాడుకోలేకపోవడమే కారణమని నాకనిపిస్తుంది. మనకు అది సిగ్గుపడే విషయమైనా కావాలి, గొప్పలు చెప్పుకునే విషయమైనా కావాలి. ఈ రెండిటి మధ్య మాటలు లేవు.

ఆ సిగ్గుకు చరిత్ర ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మీదకు వెళ్లారంటే, వాళ్ల ఇళ్లలో తాగుడు కూలి డబ్బునూ కంచంలో అన్నాన్నీ తినేసింది కాబట్టి. ఆ ఉద్యమమే 1995లో రాష్ట్రంలో సంపూర్ణ మద్యనిషేధానికి దారి తీసింది. రెండేళ్లకే 1997లో దాన్ని సడలించారు, అది వేరే కథ. మన అమ్మలు, అత్తలు ఆ రోజులు చూసినవాళ్లు. వాళ్లకు వైన్‌కూ సారాకూ తేడా చెప్పి ఒప్పించడం కష్టం, చెప్పాల్సిన అవసరమూ లేదు. వాళ్ల భయం ఉత్తది కాదు.

అయితే వాళ్ల ముందు మనం చేస్తున్నదేమిటి? ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లను వెంటబెట్టుకుని, ‘ద్రాక్ష తోటలు చూద్దాం రండి’ అని తీసుకెళ్తాం. వాళ్లను నీడలో బెంచీ మీద కూర్చోబెట్టి, పిల్లల్ని అప్పగించి, లోపలికి వెళ్తాం. తాగినట్టు తెలియకూడదు కాబట్టి, వచ్చాక ఏమీ జరగనట్టు స్టీరింగ్ ముందు కూర్చుంటాం. కీస్ ఇంకొకరికి ఇస్తే తాగానని ఒప్పుకున్నట్టే కదా! పరువు కోసం ఆడిన ఈ నాటకంలో అమ్మానాన్నలు, పిల్లలు అదే బండిలో ఉంటారు. ‘నేను రెండు గ్లాసులు తీసుకున్నాను నాన్నా, బండి వేరేవాళ్లు నడుపుతారు’ అని చెప్పడానికి పట్టే ధైర్యం చాలా చిన్నది. నాన్న ఒక పూట ముఖం మాడ్చుకుంటారు, అంతే. వెనక సీటులో ఉన్న పదేళ్ల పిల్లాడు మాత్రం ఆ మాట గుర్తుపెట్టుకుంటాడు. ఆరేళ్ల తర్వాత వాడి చేతికి లైసెన్సు వచ్చినప్పుడు మనం ఇచ్చే ఉపన్యాసం కంటే ఆ మాటే ఎక్కువ పని చేస్తుంది.

చేయాల్సినవి కొన్నే

ట్రిప్ తేదీతో పాటే డ్రైవర్ పేరూ రాయండి. బండికి ఒక పేరు, అడిగి, ఒప్పుకున్నాకే. ఈసారి ఒకరైతే వచ్చేసారి ఇంకొకరు. తాగే అలవాటు ఉన్నవాళ్లు కూడా వంతు తీసుకోవాలి. ఆ రోజు డ్రైవర్ టేస్టింగ్ ఫీజు, భోజనం మిగతావాళ్లు పంచుకోవాలి.

ఎవరికీ ఇష్టం లేకపోతే డ్రైవర్‌తో సహా వ్యాన్ మాట్లాడుకోండి. పది మంది పంచుకుంటే ఒక్కొక్కరి వాటా సాధారణంగా ఒకటి రెండు టేస్టింగ్ ఫీజులకు మించదు. మన కారునే నడిపిపెట్టే డ్రైవర్లు కూడా నాపాలో దొరుకుతారు. శాన్ ఫ్రాన్సిస్కో నుంచి వల్లేహో దాకా ఫెర్రీ, అక్కడి నుంచి నాపా ఊళ్లోకి వైన్ అనే పేరున్న కౌంటీ బస్సు ఉన్నాయి. ఆ పేరుకు ద్రాక్ష తీగ అని అర్థం, మనం అనుకునే వైన్ కాదు. ఊళ్లో దిగితే నడిచి వెళ్లగలిగే టేస్టింగ్ రూములు చాలా ఉన్నాయి. లేదంటే ఒక రాత్రి అక్కడే ఉండిపోండి. క్యాబ్ దొరుకుతుందిలే అనుకుని కాలిస్టోగా దాకా వెళ్లకండి, సాయంత్రం పూట లోయ పైభాగంలో దొరకడం కష్టం.

మూడు వైనరీలను రెండుకు తగ్గించండి. మధ్యలో నింపాదిగా భోజనం చేయండి. ప్రతి టేబుల్ మీదా ఉండే పాత్ర ఎందుకో తెలుసుకోండి. వైన్ నిపుణులు రుచి చూసి అందులో ఉమ్మేస్తారు, గ్లాసులో మిగిలింది అందులోనే పారబోస్తారు. డబ్బులు పెట్టి కొన్నది పారబోయడానికి మనకు మనసొప్పదు, నలుగురిలో ఉమ్మడం మనకు ఎంగిలి. అక్కడ మాత్రం ఎవరూ ఏమీ అనుకోరు.

ఇంకా తేదీ ఖరారు కాని గ్రూపులు ఉంటే, మొదటి మెసేజ్‌గా ఈ ప్రశ్న పెట్టండి: తిరిగొచ్చేటప్పుడు బండి ఎవరు నడుపుతారు? ఒక పేరు వస్తే బుకింగులు మొదలుపెట్టండి. పేరు రాకపోతే వ్యాన్ మాట్లాడండి. వ్యాన్‌కు అంత ఖర్చెందుకు అనిపిస్తే, ఆ వారం రైస్ కుక్కర్ సర్దుకుని తాహోకు వెళ్లండి.